తిరిగి తిరిగి అమ్ముడుపోయిన గుడ్డు

నా చిన్నప్పుడు మా ఊరి చర్చికి పైకప్పు సగమే ఉండేది. మాది కోసిగి దగ్గర పల్లె. దొరల కాలంలో కట్టిన రాతిగోడలు గట్టిగానే ఉన్నాయి. దూలాలకే చెదలు పట్టి ఒక వానకు కూలాయి. వానలు అరుదైన సీమ కాబట్టి చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా ఇబ్బంది పడలేదు. చివరికి కప్పు వేయాల్సిందేనని సంఘపెద్ద అయిన మా తాతయ్య పట్టుబట్టాడు. దానికి కావలసినవాటిలో డబ్బు తప్ప అన్నీ ఊళ్లో ఉన్నాయి. అందుకని ఆ ఏడు కోతపండుగ వేలం మీద ఆశ పెట్టుకున్నారు.

కోతపండుగనాడు జొన్నలో, గుమ్మడికాయో, కోడో ఎవరికి ఉన్నది వాళ్లు తెచ్చి దేవుడికి ఇస్తారు. ఆరాధన అయ్యాక చర్చి ముందరే వాటిని వేలం వేస్తారు. కొన్నవాళ్లు ఇంటికి తీసుకుపోవచ్చు, లేదా మళ్లీ వేలానికి ఇచ్చేయవచ్చు. ఆ ఏడు తాతయ్య ఇంకొకటి కలిపాడు. ఎవరి కానుక మీద మొత్తం ఎక్కువ వసూలైతే వాళ్లు గంట కొట్టి పని మొదలుపెట్టాలి. గోపురం మీంచి దించి వేపకొమ్మకు కట్టిన ఆ గంటను పిల్లలను ముట్టనిచ్చేవాళ్లు కాదు. దాన్ని కొట్టడం తప్ప నాకు జీవితంలో వేరే ఆశయం లేదు.

నేను ఒక ఎర్ర పుంజును మేపి తెచ్చాను. పక్కింటి అక్క ఒక గుడ్డు తెచ్చింది. వాళ్ల అమ్మానాన్నలు సుగ్గికని, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలసపోయి ఉన్నారు. ఇంట్లో ఆమె, వాళ్ల అవ్వ, ఒక పెట్ట. ఆ గుడ్డును చూసి నాకు జాలి కలిగింది. ఆ జాలి చాలా హాయిగా ఉండింది.

పుంజును ఆదోని నుంచి వచ్చిన ఒక పత్తి వ్యాపారి మంచి ధరకే పాడాడు. చంకలో పెట్టుకుని బండెక్కాడు.

“తాతా, ఆయప్ప వాపసు ఇయ్యలేదు.”

“కొన్నోని ఇష్టం గదప్పా.”

తర్వాత గుడ్డు వంతు. ఒకాయన కొని తిరిగి ఇచ్చాడు. ఇంకొకాయన కొని తిరిగి ఇచ్చాడు. “ఏమన్నా, గుడ్డుకే ఎనకాడితే ఇంగ కప్పేమి ఏస్తావు?” అని ఒకరు ఎగదోస్తే, “యాడ ఎనకాడినా? నా పాట రాయప్పా.” అమ్మినప్పుడల్లా తాతయ్య అక్క పేరు గట్టిగా పిలిచేవాడు. ప్రతి పిలుపూ నాకు చెవిలో పురుగు దూరినట్టుండేది. నా పేరు ఒక్కసారి పిలిచి మరిచిపోయారు.

పుంజే ఇంకా ముందుందని నా నమ్మకం. గుడ్డు తిరగడం ఆగితే చాలు. అంటే ఎవరో ఒకరు దాన్ని కొని ఇవ్వకుండా ఉంచుకోవాలి. మా అవ్వ బొరుగులకని ఇచ్చిన రూపాయి జేబులో ఉంది. పాటలు మందగించాయి. “ఇంకెవురన్నా ఉండారా?” అని చుట్టూ చూసిన తాతయ్య చూపు నా మీద ఆగింది.

“రూపాయి,” అన్నాను.

పిల్లవాడి పాటని తోసేయవచ్చు. ఆయన మాత్రం గంభీరంగా ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని గుడ్డు నా చేతిలో పెట్టాడు.

“వాపసిస్తావా?”

“ఈయను.”

“మంచిది. నీ ఇష్టం.”

వేలం ముగించి లెక్క చెప్పించారు. అప్పటిదాకా రెండు కానుకలూ సరిసమానంగా నిలిచాయట. నా రూపాయితో గుడ్డు గెలిచింది.

“నువ్వు పాడకుంటే నాకు యాడ దక్కేది తమ్ముడూ,” అంది అక్క. ఆ మాటలో వెటకారమైనా ఉంటే బాగుండేది. ఆమె గంట కొట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. చేతిలో పచ్చి గుడ్డు ఉంది కాబట్టి నేను కొట్టలేదు. ఆ ఒక్క విషయంలో గుడ్డు నాకు మేలు చేసింది.

ఇంటికి పోయాక తాతయ్య నన్ను ఒక్క మాట అనలేదు. “మనోడు గూడ కప్పుకు ఇచ్చినాడు,” అని అవ్వతో చెప్పాడు. అంతసేపూ లెక్క రాసే ఆయన పక్కనే నిలబడిన మనిషికి మొత్తాలు తెలియకుండా ఉండవని నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు.

ఇప్పుడు ఆ కప్పుకు మళ్లీ మరమ్మతు. చందాలిచ్చినవాళ్ల పేర్లు, ఎక్కువ ఇచ్చినవాళ్లు పైన ఉండేలా, ఫోన్లో వస్తున్నాయి. ఎమ్మిగనూరులో స్థిరపడిన అక్క పేరు నిన్నటిదాకా నా పేరుకు పైనే ఉంది. నాలో కుళ్లు పోయిందని చెప్పను. దాన్ని ఊరికే కూర్చోనివ్వకుండా ఏదో ఒక పనికి పంపడం మాత్రం ఆరోజే అబ్బింది. ఈ పొద్దున ఇంకొంచెం చందా పంపాను. అక్క ఇంకా చూసుకున్నట్టు లేదు.