షిప్పు రేటుకి పోయిన హెరాల్డ్

పోర్ట్‌బ్లెయిర్‌లో ఏ సందులో ఏ పాత కారు టార్పాలిన్ కింద నిద్రపోతోందో యిర్మియాకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గ్యారేజీలో టింకరింగు పని అతనిది. ఆదివారం తెలుగు ఆరాధన అవగానే బైబిలు భార్య జ్ఞానవతి చేతిలో పెట్టి స్కూటరెక్కేవాడు. లంబాలైన్ వెనక సందుల్లో ఎడమచేతి స్టీరింగు జీపు, కొబ్బరి మట్టల కింద మొదటి రకం అంబాసిడరు... ఏది కనబడినా దిగి, తలుపు తట్టి, "అమ్ముతారా భయ్యా?" అనేవాడు.

"ఈ శ్రద్ధ వాక్యం మీద పెట్టుంటే ఈపాటికి పాస్టరయ్యేవాడివి," అనేది జ్ఞానవతి.

అతని సంపాదనకి పాత కార్లు అందాయంటే దానికి కారణం షిప్పు రేటు. ద్వీపం వదిలి మెయిన్‌లాండ్ వెళ్ళిపోయేవాళ్ళు సామానంతా అమ్ముకునే పోతారు. టికెట్టు చేతికొచ్చాక బేరం దిగుతుంది. షిప్పెక్కే రోజున ఎంతిస్తే అంత. అందుకే ఇక్కడ ముందుగా ఎవరూ కొనరు. అందులో తప్పుందని కూడా ఎవరూ అనుకోరు.

2004 డిసెంబరులో గవరయ్య కబురు పెట్టాడు. చాతం సామిల్లులో రిటైరై, సిప్పీఘాట్‌లో సముద్రపు పాయ, క్రీకు పక్కన ఉంటున్న ముసలాయన. త్వరలో వైజాగ్ వెళ్ళిపోతున్నాడు. ఆయన దగ్గర స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. రెండే తలుపులు. బానెట్టు పట్టి లేపితే మడ్‌గార్డులతో సహా ముక్కు మొత్తం ముందుకి వాలిపోతుంది, ఇంజనంతా కళ్ళముందు! అలాంటి కారు యిర్మియా ద్వీపాల్లో ఇంకోటి చూడలేదు.

"నీకైతే ఇత్తాన్రా. ఇంకెవడికిచ్చినా పాత ఇనుం కబాడీకి తోలేత్తాడు," అన్నాడు గవరయ్య. చెప్పిన ధర న్యాయమైనదే. యిర్మియా దగ్గర అంత డబ్బుంది కూడా.

"చూద్దాం బాబాయ్. ముందు టికెట్ కన్ఫర్మ్ అవ్వనీ."

గవరయ్య బానెట్టు దించేశాడు. "నా కాడ కూడా షిప్పు రేటేనేట్రా?"

యిర్మియా నవ్వేసి స్కూటరెక్కాడు.

క్రిస్మస్ మర్నాడు ఆదివారం పొద్దున్నే భూమి ఊగింది. తర్వాత సముద్రం వచ్చింది. సిప్పీఘాట్‌లో నేలే కుంగిపోయింది, వచ్చిన నీరు పూర్తిగా పోలేదు. పోటు వచ్చిన ప్రతిసారీ గవరయ్య పెరట్లోకి ఉప్పునీరు ఎక్కి దిగుతోంది. రోడ్డు మునిగిపోయింది, క్రేను వెళ్ళే దారి లేదు. యిర్మియా గట్టు మీద నిలబడి కారుని చూసేవాడు. మొదట చక్రాలు కనబడకుండా పోయాయి. తర్వాత తలుపుల అంచులు ఎర్రబడ్డాయి.

గవరయ్య ప్రాణాలతో క్యాంపులో ఉన్నాడు. యిర్మియా వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు.

"తీసుకుపోరా, ఊరికే ఇచ్చేత్తన్నాను," అన్నాడు ముసలాయన. "షిప్పు రేటు కన్నా సవకే గదా."

ఆ నెల షిప్పుకే ఆయన వెళ్ళిపోయాడు. వానలయ్యాక కారుని లాగారు. బానెట్టు లేపబోతే తడి అట్టలా చిరిగి చేతిలోకి వచ్చింది. మిగిలింది స్టీరింగే. దాన్ని గ్యారేజీ గోడకి తగిలించాడు.

ఏళ్ళ తర్వాత, ఆస్టినాబాద్‌లో కొట్టు మూసేసి ఊరెళ్ళిపోతున్న కాశమ్మ ఇంటి పక్క పల్లంలో పాత ఫియట్ కనబడింది. ముందు తలుపులు వెనక్కి తెరుచుకునే రకం. కాశమ్మ ధర చెప్పింది. యిర్మియా బేరమాడకుండా నోట్లు తీశాడు.

ఆమె చెయ్యి చాపలేదు. "ఆగు భయ్యా. షిప్పుకింకా నెల ఉంది. అడిగినంతా ఇప్పుడే ఇచ్చేత్తన్నావంటే దీన్లో ఏదో ఉన్నట్టే."

"ఏం లేదు దీదీ. మీరడిగింది న్యాయం, అందుకే ఇస్తున్నా."

"న్యాయమంట! ఈ ఊర్లో ఎవడిచ్చాడు న్యాయం? మా అల్లుడొచ్చి చూసేదాకా అమ్మను. షిప్పు నాడు రా, మాటాడుకుందాం."

ఎంత చెప్పినా వినలేదు. యిర్మియా నోట్లు జేబులో పెట్టుకున్నాడు. అప్పటికే మబ్బు పట్టింది. పల్లంలోకి వాన నీళ్ళు ఏ దారిన దిగుతాయో మట్టి మీద చారలు చెబుతున్నాయి.

"అమ్మొద్దులే దీదీ. కారుని మాత్రం పైన పెట్టిస్తారా?"

"నెట్టేవాళ్ళెవరున్నారు?"

యిర్మియా చెప్పులు విడిచి, ఫియట్ వెనక భుజం ఆనించాడు.