అమ్మ గడ్డను పూడ్చిన చోటు

మా అమ్మ ఇంకా హిందూపురం ఆసుపత్రిలో మత్తులో ఉండగానే, ఆమె రొమ్ములోంచి తీసిన గడ్డను పెనుకొండలో మన్నేసి పూడ్చారు. పూడ్చింది మా పెదనాయన. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. నాయన పోయినాక ఇంటికి పెద్దదిక్కు ఆయన అన్నే. ఆపరేషన్ అయ్యాక డాక్టరు గడ్డను మందునీళ్ల డబ్బాలో వేసి పెదనాయన చేతికిచ్చాడు, పక్క వీధి ల్యాబులో ఇచ్చి రమ్మని. మా దగ్గర అంతే, కోసేది వాళ్లు, మోసేది మనం. పోతూ పోతూ ఇంకో మాటన్నాడు. మీరు ఒప్పుకుంటే ఇందులో చిన్న ముక్క బెంగళూరు బయోబ్యాంకుకు పంపుతాం, పరిశోధనకు దాచిపెడతారు అని. ఎవరి పరిశోధన, ఎన్నాళ్లు దాస్తారు, కాదంటే ఏమవుతుంది, ఒక్కటీ చెప్పలేదు. ఫోన్ మోగింది, వెళ్లిపోయాడు.

పెదనాయనకు అర్థమైంది ఒక్కటే, వీళ్లు మనిషిని ముక్కలు చేసి పంచుకుంటారని. మాలో పోయినవాళ్లను పూడుస్తారు, అదీ ఒంట్లో ఏదీ తక్కువ కాకుండా. మిషన్లో పడి తెగిన మా తాత వేలిని కూడా పెనుకొండ దగ్గర మావాళ్ల సమాధుల పక్కన, ఆయన బతికుండగానే పూడ్చిపెట్టారు. పెదనాయన డబ్బాను తువ్వాలులో చుట్టుకుని, ల్యాబుకు కాకుండా బస్టాండుకు నడిచాడు.

రిపోర్టు ఏదని డాక్టరు అడిగిన రోజు సంగతి బయటపడింది. గడ్డ ఏ రకమో తెలియనిదే ఏ మందు పెట్టాలో తెలియదట. మన్నులో పూడ్చింది ఇక పరీక్షకు పనికిరాదట. గడ్డ అంచు కొంత లోపలే మిగిలిందట, మళ్లీ కోసి దాంట్లోంచి ముక్క తీయాలట. నేను పెదనాయన మీద విరుచుకుపడ్డాను.

“ఏం చేయమంటావమ్మా? పోయేటప్పుడు మనిషి పూర్తిగా పోవల్ల. సగం ఈడ, సగం బెంగళూరులో ఉంటే మీయమ్మకు గతి యాడుండాది?”

“అమ్మ యాడికీ పోలేదు పెదనాయనా. బతికే ఉండాది.”

ఆయన తల దించుకున్నాడు. నా కోపం మాత్రం దిగలేదు. ప్రేమతోనే చేశాడులే అని అందరూ సర్దిచెప్పారు. ప్రేమైతే ఏంటంట? రెండోసారి కత్తి పడేది ఆయన ఒంటి మీద కాదు కదా.

మళ్లీ కోసే ముందు డాక్టరు వచ్చి, మంచం పక్కన నిలబడ్డ పెదనాయనతోనే మొదలుపెట్టాడు, బయోబ్యాంకు సంగతి ఏమనుకున్నారని. బావ ఎదుట ఏనాడూ గొంతెత్తని మా అమ్మ కొంగు సర్దుకుని లేచి కూర్చుంది.

“కోసేది నన్ను. అడిగేది మా బావనా సార్?”

యాడ దాస్తారు, ఎవరు చూస్తారు, నా పేరు రాస్తారా, వద్దంటే వైద్యం ఆపుతారా అని ఒక్కొక్కటే అడిగింది. డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చుని అన్నిటికీ జవాబు చెప్పాల్సి వచ్చింది.

“అట్లయితే పరీక్షకు పోను మిగిలింది ఆడ పెట్టుకోండి సార్,” అంది. తర్వాత పెదనాయన వైపు తిరిగింది. “మన్నుకు తొందరేముండాది బావా? నేను పోయినాక మిగిలిందంతా దానికే కదా.”