గెలుపులో కోచ్ గారి వాటా

ఈ మధ్య నాకు ఫోను చేసేది ప్లాట్లు అమ్మేవాళ్ళే. అందుకే మొన్న పొద్దున్న ఫోను మోగితే "వద్దమ్మా" అంటూనే ఎత్తాను. తీరా చూస్తే మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు పాత కెప్టెన్. వాళ్ళ కోచ్ గారికి రాజమండ్రిలో సన్మానం చేస్తున్నారట. "నాలుగు మాటలు మీరే చెప్పాలండీ. మీకంటే ఆయన్ని దగ్గరగా చూసినవాళ్ళెవరున్నారు?" అన్నాడు. ఒంట్లో బాగోలేదని అబద్ధమాడి పెట్టేశాను.

నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. బంతి ఏ కోణంలో విసిరితే ఎక్కడ పడుతుందో బోర్డు మీద గీయడమే గానీ, ఒక్కనాడూ బుట్టలో వేసిన పాపాన పోలేదు. అయినా గేమ్స్ కమిటీలో నన్నే వేశారు. మిగతావాళ్ళకి సంసారాలూ ట్యూషన్లూ ఉన్నాయి. నేను ఒంటిగాణ్ణి, సాయంత్రం గదికి వెళ్ళి చేసేదేమీ లేక కోర్టు పక్కన బెంచీ మీద కూర్చునేవాణ్ణి. కోచ్ గారిది ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల దగ్గర క్యారేజీలు విప్పుకునేవాళ్ళం. ఆయనింటి పనసపొట్టు కూర సగం నా మూతలోకే వచ్చేది.

ఒక ఏడు జట్టులో ఐదుగురూ చిచ్చరపిడుగులే. ఎవరి ఊళ్ళో వాళ్ళు హీరోలు. కోచ్ గారు ఒక వింత నియమం పెట్టారు: అందరికంటే బాగా బుట్టలో వేసేవాడు వారం రోజులు బంతి వేయకూడదు, పక్కవాడికి అందించాలంతే. కుర్రాళ్ళు మొహాలు మాడ్చుకున్నారు. "మేస్టారూ, ఆట రానివాడికి ఆట నేర్పొచ్చండీ. అన్నీ వచ్చినవాడికి పక్కన ఇంకోడున్నాడని నేర్పడమే నా చావుకొస్తోంది" అన్నారు నాతో. ఆ ఏడు యూనివర్సిటీ కప్పు మాదే.

కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని కమిటీ కూర్చుంది. రౌతు కొద్దీ గుర్రం అంటారు. మా ప్రిన్సిపాల్ గారు దాన్ని తిరగేశారు. "అలాంటి కుర్రాళ్ళుంటే మన వాచ్‌మన్ నిలబడ్డా కప్పు వస్తుందండీ. పైగా ఈయన వాళ్ళని బంతే వేయనివ్వలేదట!" అందరూ నా వైపు చూశారు. రోజూ చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. పెద్దాయన మాటకి అడ్డు చెప్పడం అలవాటు లేక, 'విజయం ప్రధానంగా క్రీడాకారుల ప్రతిభ వల్లనే' అని రిపోర్టులో నా చేత్తోనే రాశాను. వాక్యం భలే కుదిరిందని లోలోపల మురిశాను కూడా.

ఉద్యోగం పోయిందని తెలిసిన రోజు కూడా కోచ్ గారు నన్నేమీ అడగలేదు. ఎప్పటిలాగే కూర వడ్డించి, "తినండి మేస్టారూ, చల్లారిపోతుంది" అన్నారు. తిన్నాను. మరుసటి ఏడు అదే ఐదుగురు, కొత్త కోచ్. ఎవడికి వాడే వేసేద్దామని చూసి, మొదటి మ్యాచ్‌లోనే ఓడి వచ్చారు. కమిటీలో ఎవరూ ఆ ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. రిటైరయ్యేదాకా ఆ బల్ల దగ్గర ఒక్కణ్ణే కూర్చుని తిన్నాను. ఆ ఒంటరితనం నేను చేజేతులా తెచ్చుకున్నదే, ఎవరినీ అనడానికి లేదు.

ఆయన ధవళేశ్వరంలోనే ఉంటున్నారు. మా ఇంటి నుంచి బస్సులో అరగంట. ఆ అరగంట దారి వెళ్ళడానికి నాకు ఇరవై ఏళ్ళు చాల్లేదు.