మామగారి ట్రయల్ రౌండు

ఆ ఇంటి కోడలి నోట్లోకి ఏది వెళ్ళాలన్నా, ముందు అది మామగారి గొంతు దిగాలి. మందైనా సరే, పండైనా సరే, ఎవరో నూరి తెచ్చిన పసరైనా సరే, ఆయన మింగి, అరిగించుకుని, "పాస్" అనాలి. ఆ తరవాతే కోడలికి. కడుపుతో ఉన్నది కోడలు, కషాయాలు తాగుతున్నది మామగారు. వీధిలో సగం మందికి ఇది వింత, మిగతా సగం మందికి కాలక్షేపం.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. డిపోలో అందరూ ఆయన్ని ట్రయల్ మాస్టారు అనేవారు. రిపేరయి షెడ్డులోంచి బయటికొచ్చిన బండిని ఆయన తిన్నగా స్టాండుకి తీసుకెళ్ళిన పాపాన పోలేదు. ఖాళీ బండిని ఊరి చుట్టూ ఒక రౌండు తిప్పి, గుంతల్లో దింపి, మిట్ట ఎక్కించి, బ్రేకు తొక్కి చూసుకుని, అప్పుడుగానీ జనాన్ని ఎక్కించేవాడు కాదు. మెకానిక్కుకి ఒళ్ళు మండేది.

"ఏం మాస్టారూ, నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉందిరా. నువ్వు బిగించిన నట్టు మీద లేదు."

రిటైరయ్యాక బస్సు పోయింది గానీ ట్రయల్ పోలేదు. కోడలికి నెల తప్పిందని తెలిసిన రోజున ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, "ప్యాసింజరు ఎక్కాడు. ఇక బండి జాగ్రత్తగా నడపాలి," అన్నాడు. బండి అంటే తనేనని కోడలికి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

ఆ అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. కొనడానికి వచ్చినవాళ్ళు అరల్లో ఉన్న ఫ్రేములన్నీ దింపించి, అద్దంలో ముఖం చూసుకుని, ఒక్కటీ కొనకుండా వెళ్ళిపోయినా "పర్లేదండీ, మళ్ళీ రండి" అని నవ్వుతూ సాగనంపే రకం. "వద్దు" అనే మాట ఆమె నోట్లోనే లేదు. మామూలు రోజుల్లో ఇది మంచితనం. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం పెద్ద ప్రమాదం.

ఎందుకంటే వెనక వీధిలో పెద్దత్తయ్య ఉంది. అత్తగారికి స్వయానా అక్క. ఆవిడ చేతిసంచిలో లేని వేరు లేదు, ఆవిడ నోట్లో లేని వైద్యం లేదు. కడుపుతో ఉన్న మనిషి ఎవరైనా సరే, ఒకటి పోసి రెండు పూసి గానీ వదిలిపెట్టదు.

మొదటి పరీక్షలోనే డాక్టరమ్మ కోడలి కంటి కింద రెప్ప లాగి చూసి, "రక్తం బాగా తక్కువుంది," అంది. ఇనుము మాత్రలు రాసింది. "నిమ్మరసంతో వేసుకో, టీతో వద్దు. ఆకుకూరలు, పప్పు, గుడ్డు తిను. వచ్చే పరీక్షకి రక్తం పెరగకపోతే ఆస్పత్రిలో చేర్చుకుని సూదితో ఎక్కించాల్సి వస్తుంది. నీ ఒంట్లో రక్తం ఉంటేనే లోపల బిడ్డ ఎదిగేది."

ఆ చివరి మాట కోడలి గుండెలో ముల్లులా దిగబడింది. మర్నాడు పొద్దున్నే నిమ్మరసంతో మాత్ర వేసుకుని బుద్ధిగా కూర్చుంది. ఇంతలో పెద్దత్తయ్య గ్లాసు పట్టుకుని దిగింది.

"ఇదిగో అమ్మాయ్, గుక్క తిప్పుకోకుండా తాగేసెయ్. వికారం నీ గుమ్మం తొక్కదు."

కోడలు వద్దనలేదు. తాగింది. తాగిన గ్లాసు కింద పెట్టే లోపే పెరట్లోకి పరిగెత్తింది. కషాయం వచ్చేసింది, దాని వెంట నిమ్మరసం వచ్చేసింది, వాటి వెనకాలే మాత్ర కూడా వచ్చేసింది. వరండాలో పేపరు చదువుతున్న మామగారు పేపరు దించి చూశాడు. మళ్ళీ పేపరు ఎత్తాడు.

మర్నాడు పెద్దత్తయ్య గుమ్మంలో కాలు పెట్టేసరికి ఆయన ఎదురెళ్ళి చెయ్యి చాపాడు.

"వదినగారూ, ఆ గ్లాసు ఇటివ్వండి."

"నీకెందుకు మరిదీ? నీకేమన్నా వికారమా?"

"ఇప్పటికి లేదు. తాగాక వస్తుందేమో చూడాలిగా. ఒక పగలూ ఒక రాత్రీ నా కడుపులో తిరగనివ్వండి. సరిగ్గా నడిస్తే రేపు అమ్మాయికి."

పెద్దత్తయ్య తెల్లబోయి చెల్లెలి వంక చూసింది. అత్తగారు బియ్యంలో రాళ్ళేరుతూ, తలెత్తకుండానే, "ఇవ్వవే అక్కా. నేను కడుపుతో ఉన్నప్పుడు ఏ ఊళ్ళో బస్సు తోలుతున్నాడో తెలిసేది కాదు. ఇప్పుడైనా ఆ ముచ్చట తీరనీ," అంది.

అలా మొదలైంది ట్రయల్. పెద్దత్తయ్య రోజుకొకటి తెచ్చేది, మామగారు రోజుకొకటి తాగేవాడు, మర్నాడు పొద్దున్న కుర్చీలో కూర్చుని రిపోర్టు ఇచ్చేవాడు. మిరియాల కషాయం తాగి, "ఇంజను వేడెక్కిపోతోంది. ఫెయిల్," అన్నాడు. వెల్లుల్లి, మెంతులు కలిపి నూరిన ముద్ద మింగి, "హారన్ ఆగడం లేదు. ఫెయిల్," అన్నాడు. ఆ మాట ఆయన చెప్పక్కర్లేదు, ఇంట్లో అందరికీ రాత్రి నుంచీ వినబడుతూనే ఉంది. ఏదో చేదు వేరు అరగదీసి ఇస్తే నాకి, మధ్యాహ్నం దాకా ఒక కన్ను మూసుకుని తిరిగి, "ఒక హెడ్‌లైటు పోయింది," అన్నాడు.

మందులతో ఆగితే బాగుండేది. కడుపుతో ఉన్నవాళ్ళు ఎడమవైపు తిరిగి పడుకుంటే మంచిదని డాక్టరమ్మ చెప్పిందని తెలిసి, దానికీ ట్రయల్ వేశాడు. తెల్లారాక నడుం పట్టుకుని వచ్చాడు.

"ఏమైంది మామయ్యగారూ?"

"ఎడమవైపు తిరగడం బాగానే ఉందమ్మా. ఎక్కడ ఆగాలో తెలియలేదు. మంచం అయిపోయింది. నువ్వు గోడవైపు పడుకో."

ఎదురింటి ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఒకరోజు సాయంత్రం ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని, పొట్ట ముందుకు పెట్టి నడుస్తుంటే గేటు దగ్గర నిలబడి అడిగింది.

"ఎన్నో నెల బాబాయిగారూ?"

ఆయన పొట్ట నిమురుకున్నాడు. "రిటైరైన దగ్గర్నుంచీ మోస్తున్నానమ్మా. వీడు దిగే స్టాపు ఎక్కడో తెలియడం లేదు."

కోడలికి మాత్రం నవ్వు రావడం లేదు. కషాయాల బాధ తప్పినందుకు లోపల సంతోషమే. కానీ మామగారు కషాయాలతో ఊరుకోలేదు. నారింజ ఒలిస్తే మొదటి తొన ఆయనది. గుడ్డు ఉడికితే మొదటి ముక్క ఆయనది. నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, వెంటనే "పాస్" అని మిగతాది ఆమె ముందుకి తోసేవాడు. ఒకరోజు దుకాణంలో తోటి అమ్మాయి దోర జామకాయ ఇచ్చింది. దాన్ని నాలుగు ముక్కలు చేసి ఉప్పు అద్దుకుని తినాలని కోడలు దారి పొడుగునా నోరూరించుకుంటూ వచ్చింది. మామగారు ఒక ముక్క నమిలాడు. "ఉప్పు సంగతి తేలలేదు," అని ఇంకో ముక్క నమిలాడు. కోడలు వంటింట్లోకి వెళ్ళి, మిగిలిన రెండు ముక్కలూ తింటూ కళ్ళు తుడుచుకుంది. ఈయనకి ట్రయలూ లేదు పాడూ లేదు, ఉత్త తిండియావ అని ఆ రోజే తీర్మానించుకుంది.

అసలు భయం వేరే ఉంది, అది ఎవరితోనూ చెప్పలేదు. మాత్రలు కడుపులో నిలవడం మొదలెట్టాక ఆమెకి విరేచనం నల్లగా అవుతోంది. దానికి తోడు పెద్దత్తయ్య ఒకరోజు మాత్రల అట్ట తిప్పి చూసి, "ఇనుము మింగితే బిడ్డ ఇనుము రంగులోనే పుడుతుంది," అని ఒక మాట పారేసి వెళ్ళింది. బిడ్డ ఏ రంగైనా కోడలికి ఒకటే. కానీ లోపల ఏదో పాడవుతోందేమోనని బెదిరిపోయి, మాత్రలు మానేసింది. అట్ట అలాగే కిటికీలో పడి ఉండేది. పరీక్ష దగ్గర పడుతోంది.

ఒకరోజు అందరూ భోజనానికి కూర్చున్నారు. మామగారు గొంతు సవరించుకుని ప్రకటించాడు.

"అమ్మాయి మాత్రలకి కూడా ట్రయల్ వేశాను. పాత ఇంజన్ ఆయిల్ లాగా కారునలుపు!"

"అన్నం దగ్గర ఏమిటండీ ఆ మాటలు!" అత్తగారు గరిటె ఎత్తింది. కొడుకు ముద్ద కంచంలో వదిలేసి నీళ్ళు తాగాడు.

"వినవే. నాకూ భయమేసి ఆస్పత్రికెళ్ళి నర్సమ్మని అడిగాను. ఇనుము మాత్ర వేసుకుంటే అంతేనట, అందరికీ అలాగే అవుతుందట, బిడ్డకేమీ కాదట. ఆయిల్ నల్లగా దిగిందంటే ఇంజను పనిచేస్తున్నట్టే. మాత్ర పాస్!"

కోడలు తల వంచుకుని అన్నం కలుపుతూ ఉండిపోయింది. ఆ మధ్యాహ్నమే నిమ్మకాయ కోసింది.

ఇక ఆముదం కథ వీధి ఇప్పటికీ చెప్పుకుంటుంది. "కడుపు కడిగినట్టయితే కాన్పు సుళువు," అంటూ పెద్దత్తయ్య గిన్నెడు ఆముదం పట్టుకొచ్చింది. మామగారు ఎందుకో ఆ గిన్నె వంక చాలాసేపు చూశాడు. చిన్న సీసాలో ఇంత పోసి జేబులో పెట్టుకుని, "ఇప్పుడే వస్తా," అని బయటికెళ్ళి వచ్చాడు. వచ్చి, ముక్కు మూసుకుని, గిన్నె ఖాళీ చేశాడు. ఆ పూటంతా ఆయన కుర్చీకీ పెరటికీ మధ్య సిటీ బస్సులా తిరిగాడు. అత్తగారు చెంబు పట్టుకుని దారిలో నిలబడింది. చివరికి గోడకి చేరగిలబడి, ఆయాసపడుతూ రిపోర్టు ఇచ్చాడు.

"బ్రేకులు పూర్తిగా ఫెయిల్ వదినగారూ. ఈ బండి రోడ్డెక్కడానికి లేదు."

పెద్దత్తయ్య జాలిపడింది. "నీ ఒంటికి పడలేదు మరిదీ. పోనీలే, ఇంకోటి చూస్తాను," అంది.

పరీక్ష రోజు వచ్చింది. అత్తాకోడళ్ళు వెళ్ళారు. నర్సమ్మ కోడల్ని చూడగానే, "ఈ వారం మీ మామగారు కనబడలేదే? ఒంట్లో బాగుందా?" అంది.

"మామయ్యగారు ఇక్కడికెందుకు వస్తారు?"

నర్సమ్మ డాక్టరమ్మని చూసింది. డాక్టరమ్మ నవ్వుతూ కిటికీ వైపు చూపించింది. అక్కడ చిన్న చిన్న సీసాలు వరసగా ఉన్నాయి. ఒకదాంట్లో పచ్చది, ఒకదాంట్లో నల్లది, ఒకదాంట్లో అడుగున మడ్డి పేరుకున్నది.

"కొత్తది ఏది వచ్చినా ఇంత సీసాలో పోసుకుని వస్తాడు. చీటీ తీసుకుని, అక్కడ కడుపుతో ఉన్నవాళ్ళ బెంచీ మీద వాళ్ళ మధ్యన కూర్చుంటాడు. తన వంతు రాగానే లోపలికొచ్చి, 'ఇది మా కోడలికి పనికొస్తుందా అమ్మా' అని అడుగుతాడు. ఏం వేశారో తెలియని కషాయం కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదని చెబుతాను. తలూపి వెళ్ళి, ఇంటికెళ్ళి తను తాగేస్తాడు."

"ఎందుకూ?" అంది అత్తగారు.

"నేనూ అదే అడిగాను. నేను వద్దన్నానని ఇంట్లో చెప్పండి, సరిపోతుంది కదా అన్నాను. 'డాక్టరమ్మ వద్దందంటే మా వదిన మనసు కష్టపెట్టుకుంటుంది. కోడలు వద్దంటే పెద్దవాళ్ళ మాట వినలేదన్న పేరు కోడలికి. నా కడుపు వద్దందంటే ఎవరికీ కోపం రాదు కదమ్మా' అన్నాడు."

కోడలు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆముదం రోజున గట్టిగానే చెప్పాను. ఆ అమ్మాయికి అసలు వద్దు, మీరు తాగినా ఏమవుతుందో మీకే తెలుసు, తాగకుండానే తాగానని చెప్పేయండి అన్నాను. 'తొక్కి చూడకుండా బ్రేకు పోయిందని అబద్ధం ఎలా ఆడనమ్మా' అని వెళ్ళిపోయాడు." డాక్టరమ్మ నవ్వు ఆపుకుని కాగితం చూసింది. "రక్తం పెరిగింది. సూది అక్కర్లేదు. మాత్రలు మానొద్దు. మధ్యలో మానేశావట కదా? అట్ట తగ్గడం లేదని నర్సమ్మకి ఆయనే చెప్పాడు."

దారిలో అత్తగారు, "ఆ మనిషికి నేను చెంబు అందిస్తూ ఎన్ని తిట్లు తిట్టానో," అంది. కోడలికి జామకాయ ముక్కలు గుర్తొచ్చి సిగ్గేసింది. కాయంతా ఆయనకే ఇచ్చేసినా బాగుండేదనిపించింది.

ఇంటికి వచ్చేసరికి పెద్దత్తయ్య వరండాలో ఉంది. చేతిలో పెద్ద గ్లాసు, అందులో చిక్కటి ఆకుపచ్చది, పైన నురగ. మామగారు చొక్కా చేతులు మడుచుకుని, ముఖం చిట్లించుకుని, గ్లాసు అందుకుంటున్నాడు.

కోడలు గబగబా మెట్లెక్కి ఆ గ్లాసు లాక్కుంది.

"వద్దు!"

ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చిందని ముందు ఎవరూ నమ్మలేదు. ఆమె కూడా నమ్మలేదు. ఒకసారి వచ్చాక రెండోది సుళువుగానే వచ్చింది.

"వద్దు పెద్దత్తయ్యా. ఇది నేను తాగను. డాక్టరమ్మ వద్దంది. మామయ్యగారు కూడా తాగరు. ఆయన నా బదులు తాగి తాగి చిక్కిపోయారు."

మామగారు తన పొట్ట వంక అనుమానంగా చూసుకున్నాడు. పెద్దత్తయ్య కోడల్ని పైనుంచి కిందకి చూసింది.

"ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా తల్లీ!" అంది నడుం పట్టుకుని. "రోజూ పొద్దున్నే లేచి ఈ ఆకులు నూరలేక నా రెక్కలు పడిపోతున్నాయి. పాపం పిల్లకి ఎవరూ ఏమీ చేయడం లేదనుకుంటుందేమోనని చేశాను గానీ! సరే, నీకేం కావాలో చెప్పు, అదే చేస్తాను."

"నిమ్మకాయ పిండి ఇవ్వండి పెద్దత్తయ్యా. మాత్ర వేసుకోవాలి."

పెద్దత్తయ్య కొంగు దోపుకుని వంటింట్లోకి నడిచింది. మామగారు కుర్చీలో కూలబడ్డాడు. డ్యూటీ పోయిన మనిషిలా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒకసారి ఒళ్ళో, ఒకసారి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. నిమ్మరసం వచ్చింది. పెద్దత్తయ్య గ్లాసు కోడలికి అందించింది. కోడలు నోటి దాకా తీసుకెళ్ళి, ఆగి, గ్లాసు మామగారి ముందు పెట్టింది.

"ముందు మీరు మామయ్యగారూ. ట్రయల్ లేకుండా నేను తాగను."

ఆయన ముఖం వెలిగిపోయింది. ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, కడుపులో రౌండు పూర్తయ్యేదాకా ఆగి, "పాస్" అన్నాడు. మళ్ళీ ఒక కన్ను తెరిచి, "చక్కెర సంగతి మాత్రం తేలలేదు," అని ఇంకో గుక్క తాగాడు.