వేషాలక్క ఆట

మన ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు సంగతి చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు. ఖండం కప్పు వరసగా ఏడుసార్లు. ప్రపంచ కప్పు మూడుసార్లు. అందులో రెండు పరాయి గడ్డ మీద, మనకోసం చప్పట్లు కొట్టే దిక్కు లేనిచోట గెలిచినవి. మన జట్టు విమానం దిగిందంటే మిగతావాళ్ళంతా రెండో స్థానం కోసం కొట్టుకోవడం మొదలుపెడతారని పరాయి పత్రికలవాళ్ళే రాశారు. ఇవన్నీ అందరికీ తెలిసినవే. తెలియనిది ఒకటుంది. ఇన్ని కప్పుల వెనకా చెమటోడ్చి, ఏ ఒక్క ఫొటోలోనూ కనిపించని మనిషి ఒకామె ఉంది. జట్టులో పిల్లలు ఆమెను వేషాలక్క అంటారు.

ఆమె పని శత్రువు వేషం కట్టడం. పోటీ దగ్గర పడగానే ఎదుటి జట్టులో ప్రాణంలాంటి ఆటగత్తె ఎవరో చూసి, ఆ అమ్మాయి ఆడిన మ్యాచ్‌ల వీడియోలు తెప్పించుకుంటుంది. ఎలా పరిగెడుతుంది, బంతి అందగానే ఏ కాలు ముందు వేస్తుంది, కోపమొస్తే ఏం చేస్తుంది, అలిసిపోతే ఎటు చూస్తుంది, అంతా ఒంటబట్టించుకుంటుంది. ప్రాక్టీసులో పసుపు బనీను తొడుక్కుని ఆ అమ్మాయే అయిపోతుంది. మన పిల్లలు ముందు ఆమె మీద గెలవడం నేర్చుకుంటారు. తరవాత అసలు మనిషి ఎదురైనప్పుడు పాతచుట్టాన్ని చూసినట్టు చూస్తారు. భయం ఎక్కడినుంచి వస్తుంది?

పొద్దుటిపూట ఆమె తపాలా కార్యాలయంలో ఉత్తరాలు వేరుచేసి గళ్ళలో వేసే పని చేస్తుంది. అది ముగించుకుని క్రీడాశాలకు పోతుంది. రాత్రి ఇంటికొచ్చి వంటగది బల్ల మీద వీడియో పెట్టుకుంటుంది. ఇంట్లో తల్లీకూతుళ్ళిద్దరే. ఏ పోటీకి ఎవరి వేషమో తల్లికి చెప్పనక్కర్లేదు, నడక చూసి కనిపెట్టేస్తుంది.

"ఈసారి ఎవరే మనింట్లో దిగింది?" అని అడుగుతుంది.

ఎడమచేతి వాటం పిల్ల వేషం కట్టిన రోజుల్లో టీ కలపడం, తలుపు తీయడం, తల దువ్వుకోవడం అన్నీ ఎడమచేత్తోనే. రెండు కప్పులు పగిలాయి.

"దీనికంటే పోయినసారి వచ్చిన పొడుగుపిల్లే నయం," అంది తల్లి ముక్కలు ఏరుతూ. "కనీసం నిటారుగా నిలబడేది. అది మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"అది ఆట మానేసిందమ్మా. పెళ్ళి చేసుకుంది."

"అయ్యో, మనకు చెప్పనన్నా లేదు!"

ఇలా నవ్వుకునేవాళ్ళు గానీ, కూతురి మనసులో ఏముందో తల్లికి తెలుసు. ఆమె ఈ పనికోసం రాలేదు. ఇరవై ఏళ్ళప్పుడు జట్టులో చోటుకోసమే వచ్చింది. ఎవరినైనా ఒక్కసారి చూస్తే చాలు, అచ్చుగుద్దినట్టు ఆడి చూపించేది. అది చూసిన కోచ్ మేడం, "ఈ ఒక్క పోటీకి మాకు సాయం చెయ్యమ్మా" అంది. ఆ ఒక్క పోటీ ఇంకా అయిపోలేదు. పన్నెండుమంది పేర్లు చదివే రోజున ఏటేటా గోడకానుకుని నిలబడి వినేది. ఒకసారి ధైర్యం చేసి అడిగింది కూడా.

"నువ్వు వాళ్ళలో చేరిపోతే వాళ్ళని ఓడించేదెవరు?" అంది మేడం.

పొగడ్తలా ఉండే మాట. పసుపు బనీను తొడుక్కుని మళ్ళీ ప్రాక్టీసులోకి దిగింది. పేరు రాసిన దేశం జెర్సీ ఒక్కసారి ఒంటిమీద వేసుకుని, నిజం మ్యాచ్‌లో ఒక్కసారి బంతి పట్టుకోవాలి. అంతే ఆమె కోరిక. ఇప్పుడామెకు ముప్ఫై దాటాయి. మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడు మాట్లాడుతున్నాయి.

అలాంటి రోజుల్లో, ఈసారి ఖండం కప్పుకు కొద్దిగా ముందు, జట్టులో అందరికంటే చిన్నపిల్ల చీలమండ విరిగింది. పన్నెండోచోటు ఖాళీ అయింది. మేడం ఆమెను పిలిచి బంతి చేతికిచ్చింది.

"పసుపు బనీను తీసెయ్. ఇవాళ నీ ఆట చూపించు."

ఆమె ఆడింది. ప్రాణం పెట్టి ఆడింది. కాసేపటికి మేడం ఈల వేసి ఆపింది.

"ఆ తిరగడం నువ్వు వేషం కట్టిన ఎర్రజుట్టు పిల్లది. నీది చూపించమన్నాను."

మళ్ళీ ఆడింది. మళ్ళీ ఈల.

"ఇది ఆ పొడుగుపిల్ల షాటు. ఆ ముందుది ఎడమచేతి పిల్ల అడుగు. అన్నీ బాగానే ఉన్నాయి తల్లీ, వాళ్ళంతా నాకు తెలిసినవాళ్ళే. నువ్వెక్కడ?"

ఆమె బంతి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాలు ముందుకు వెయ్యబోతే అది ఎవరి కాలో తెలియడం లేదు. ఇరవై ఏళ్ళప్పుడు తను ఎలా ఆడేదో గుర్తుతెచ్చుకుందామంటే, కూలగొట్టేసిన ఇంట్లో దీపం స్విచ్చి కోసం తడుముకున్నట్టుంది.

"ఎల్లుండి మళ్ళీ చూస్తాను," అంది మేడం. గొంతు మెత్తగానే ఉంది. "అప్పటికీ కాకపోతే వేరేవాళ్ళని పిలవాలి. ఏమనుకోకు."

ఇంటికి పోయి తల్లినే అడిగింది. "అమ్మా, చిన్నప్పుడు నేను ఆడుతుంటే చూసేదానివి కదా. ఎలా ఆడేదాన్ని?"

తల్లి నూనెగిన్నె తెచ్చుకుని కింద కూర్చుంది. "నిజం చెప్పనా? బంతి ఎటు పోయిందో నేనెప్పుడూ చూడలేదే. నువ్వు పడ్డావా, లేచావా, అదే చూసేదాన్ని."

"పడేదాన్నా?"

"బాగా పడేదానివి. లేచాక నన్ను చూసి నవ్వేదానివి. అంతకుమించి నాకేం తెలియదు తల్లీ." కూతురి మోకాలికి నూనె రాస్తూ అంది ఆ మాట. రాసినంతసేపూ తలెత్తలేదు.

మర్నాడు ప్రాక్టీసు అయ్యాక ఆమె బట్టలు మార్చుకోకుండా చివరి బెంచీ మీద కూర్చుండిపోయింది. కెప్టెన్ వచ్చి పక్కన చతికిలబడింది. ఏమైందని అడిగితే, దాచలేక చెప్పేసింది.

కెప్టెన్ నోరు తెరిచింది. "నీ ఆట నీకు తెలియదా? మాకు తెలుసక్కా!"

"మీకెలా తెలుస్తుంది? మీరు చూసినవన్నీ వేషాలేగా."

"లే. లే అంటున్నాను."

పిల్లలందరినీ కేకేసింది. పసుపు బనీను తనే తొడుక్కుంది. "ఒసేయ్, ఇవాళ శత్రువు వేషాలక్క! నేను అక్కని. రండి, నన్నాపండి చూద్దాం."

బంతి అందుకుని పరుగున వచ్చింది. బుట్ట ముందర, అందరూ ఎగిరి దూకుతుందనుకున్నచోట, కెప్టెన్ ఉన్నట్టుండి రెండు కాళ్ళూ నేలకానించి ఆగిపోయింది. అడ్డం వచ్చిన ఇద్దరూ ఆగలేక పక్కనుంచి జారిపోయారు. వాళ్ళు పోయాక తాపీగా బంతి వేసింది. వేసి, పడిపోయినవాళ్ళతో, "దెబ్బ తగిలిందా అమ్మా?" అంది అచ్చం అక్క గొంతుతో.

క్రీడాశాలంతా గొల్లున నవ్వింది.

"నేనలా అంటానా?" అంది ఆమె.

"ఎన్నిసార్లు అన్నావో! శత్రువువై ఉండి దెబ్బ తగిలిందా అనడమేంటక్కా? పరువు తక్కువ!"

"ఆ అడుగు మాత్రం నాది కాదు. ఎవరిదో అయ్యుంటుంది."

"ఎవరిదీ కాదు. ఎవరి వేషం కట్టినా సరే, మా మీద గెలవడానికి ఒక్క బుట్ట కావలసి వచ్చినప్పుడు వాళ్ళందరినీ మర్చిపోయి నువ్వొచ్చేస్తావు. అలా ఆగుతావు. ఇంకో పిల్ల ఖాళీగా ఉంటే, చూడకుండానే బంతి దానికి ఇచ్చేస్తావు. మాకు హడలెత్తేది అప్పుడే. ఎర్రజుట్టు పిల్లని చూసి ఎవరు భయపడ్డారు?"

మిగతా పిల్లలు కూడా ఊరుకోలేదు. ఒకతె ఆమె పరుగు చేసి చూపించింది. ఇంకొకతె, బంతి బుట్ట అంచు మీద తిరుగుతుంటే ఆమె "రా రా, దిగి రా" అని సణగడం చేసి చూపించింది. ఇన్నేళ్ళు ఎందరినో చూసి నేర్చుకున్న ఆమె, ఆ సాయంత్రం కింద కూర్చుని తనని తాను చూసింది. మొదట నవ్వింది. తరవాత మొహం తువ్వాల్లో పెట్టుకుంది. పిల్లలు చూడనట్టు బంతులు ఏరుకున్నారు.

ఆ మర్నాడు మేడం ఈల వెయ్యలేదు. చివరిదాకా చూసి, "పోయి జెర్సీకి కొలతలివ్వు," అంది. గుమ్మందాకా పోయి వెనక్కి తిరిగి, "ఇక వేషాలెవరు కడతారో," అని గొణుక్కుంది.

"నేనున్నానుగా మేడం," అంది కెప్టెన్. "నోరు కూడా చేసుకుంటాను."

ఇక ఖండం కప్పు. మొదటి మ్యాచ్‌లన్నీ మనవాళ్ళు ఎప్పటిలాగే దున్నేశారు. ఆమె బెంచీ మీదే కూర్చుంది. సెమీఫైనల్లో ఎదుటి జట్టు ఎడమచేతి పిల్లది. ఆ జట్టు మన పిల్లల్లో ఒక్కొక్కరినీ ఎంత చదువుకొచ్చిందంటే, మనవాళ్ళు అడుగు తీయకముందే వాళ్ళు ఆ అడుగు పడేచోట నిలబడి ఉంటున్నారు. మనం వెనకబడ్డాం. ఏళ్ళ తరవాత వెనకబడ్డాం. పైగా ఫౌళ్ళు ఎక్కువై కెప్టెన్ బయటికి రావలసి వచ్చింది. మేడం బెంచీ ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది.

"నువ్వెళ్ళు," అంది.

ఆమె లోపలికి పోయింది. ఎదురుగా ఎడమచేతి పిల్ల, వంటగది బల్ల మీద రాత్రుళ్ళు చూసిన పిల్ల, నిజం మనిషై నిలబడి ఉంది. బంతి చేతికి రాగానే ఆమెకు తెలియకుండానే ఎడమ భుజం వంగింది. ఆ పిల్ల క్షణంసేపు బిత్తరపోయి, తన అడుగు తనకు తెలియదా, బంతి లాక్కుని పోయి బుట్టలో వేసింది. మన బెంచీ ఉసూరుమంది.

కెప్టెన్ మాత్రం లేచి నిలబడి గొంతు చించుకుంది. "వేషం తీసెయ్ అక్కా!"

మళ్ళీ బంతి వచ్చింది. ఆమె పరిగెత్తింది. బుట్ట ముందర రెండు కాళ్ళూ నేలకానించి ఆగింది. ఇద్దరు ఎగిరి పక్కకు పోయారు. తాపీగా వేసింది. పడింది. ఆ తరవాతది కూడా అలాగే. మూడోసారి ముగ్గురు మీద పడితే, ఖాళీగా ఉన్న పిల్లకు చూడకుండానే అందించింది. అదీ పడింది. ఎదుటివాళ్ళు తమ కోచ్ వైపు చేతులు తిప్పుతున్నారు, ఎవరీమె, ఏం చెయ్యమంటావు అని. ఆ కోచ్ మాత్రం ఏం చెబుతాడు? మన పదకొండుమంది వీడియోలూ అతని దగ్గర ఉన్నాయి. ఈమె ఆడిన మ్యాచ్ లోకంలో ఒక్కటి కూడా లేదాయె!

మూడు పాయింట్ల తేడాతో గెలిచాం. మన పాయింట్లలో ఆమెవి ఆరు. నాలుగుసార్లు వేస్తే మూడు పడ్డాయి. నాలుగోది ఎందుకు పడలేదని ఎవరన్నా అడిగితే వాళ్ళకు మన ఇళ్ళల్లో మంచినీళ్ళు కూడా పుట్టవు.

ఆట అయ్యాక పిల్లలందరూ స్నానాలు చేసి బస్సెక్కేశారు. బట్టలు ఉతికే పెద్దావిడ సంచీ పట్టుకుని గది గుమ్మంలో నిలబడింది. లోపల వేషాలక్క ఒక్కతే జెర్సీతోనే కూర్చుని, ఫోనులో తల్లితో మాట్లాడుతోంది.

"పడలేదమ్మా... నిజంగానే పడలేదు... సరే, ఒక్కసారి పడ్డాను... ఆఁ, నవ్వాను."

"జెర్సీ ఇవ్వమ్మా," అంది పెద్దావిడ. "ఎల్లుండి ఫైనల్ ఉంది. ఉతికి ఆరెయ్యాలి."

ఆమె ఫోను చెవికి పెట్టుకునే, రెండో చేత్తో జెర్సీ అంచు గట్టిగా పట్టుకుంది. "కాసేపు ఉండనీ పెద్దమ్మా."

"మళ్ళీ ఇస్తానే తల్లీ. ఎక్కడికి పోతుంది?"

"తెలుసు. కాసేపే."

పెద్దావిడ సంచీ కింద పెట్టి, ఎదురు బెంచీ మీద కూర్చుంది.