చప్పిడి పళ్లెం

ఐసిల్డా ఎనిమిది రోజులుగా కంటినిండా నిద్రపోలేదు. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచి మడిచి చేతుల్లో సత్తువ ఎప్పుడో పోయింది, ఇప్పుడు కాళ్లూ మొరాయిస్తున్నాయి. అయినా డ్యూటీ దిగి, బస్సెక్కి, ఫ్లాట్‌బుష్ పేటలో డోర్కస్ నడిపే సరుకుల కొట్టుకు రాక తప్పలేదు. భర్త లాసెల్స్ పోయాక ఇది తొమ్మిదో రాత్రి. పోయిన మనిషి ఇంటికొచ్చి, తనకు పెట్టిన పళ్లెంలో కాస్త తిని, సెలవు తీసుకుని వెళ్లిపోయే రాత్రి. చుట్టాల వంట చెల్లెళ్లకు వదిలేసింది గానీ, ఆ ఒక్క పళ్లెం తనే వండుతానంది.

అరటికాయలు, పెండలం ముక్క, కూరొండే ఆకీ పండ్ల డబ్బా బుట్టలో వేసుకుని ఉప్పు చేపల పెట్టె ముందు ఆగింది. ఏడేళ్లుగా ఆ పెట్టెను చూడనట్టు దాటిపోవడమే అలవాటు. లాసెల్స్‌కు రక్తపోటు, ఆపైన కిడ్నీలు. డాక్టరు ఉప్పు మాన్పించమంటే గయ్యాళి అనిపించుకుని మరీ మాన్పించింది. తోడుగా తనూ ఆ చప్పిడి కూడే తింది. పోయే ముందు ఆదివారం ఆయన, "ఐసీ, ఆకీలో ఒక్క ముక్క ఉప్పు చేప వెయ్యవే," అని అడిగాడు. రక్తపరీక్ష అయ్యాక చూద్దామంది. ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది.

"మిస్ డోర్కస్, ఆ లావు ముక్క ఇవ్వు."

"చుట్టాలకేనా, మిస్ ఐసీ?"

"లాసెల్స్ పళ్లేనికి."

డోర్కస్ తీసిన ముక్కను మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

"మతి గానీ పోయిందా? పోయినోళ్లకి ఉప్పు పెడతారా ఎవరన్నా? ఉప్పుంటే గడపే తొక్కరు. మీ అమ్మ చెప్పలేదా నీకు?"

"చెప్పింది."

"మరి? మూడు నీళ్లు మార్చి ఉడకేసి, ఉప్పంతా పిండేసి పెట్టు."

"ఒక క్రిస్మస్‌కి అలాగే పెట్టా. తడిగుడ్డ నమిలినట్టుందే అన్నాడు."

డోర్కస్‌కు నవ్వొచ్చింది. "ఆయన నోరు ఎప్పుడు ఊరుకుందిలే." తర్వాత గొంతు తగ్గించింది. "ఉన్నది ఈ ఒక్క రాత్రే, ఐసీ. రాకపోతే?"

ఐసిల్డాకు తెలియక కాదు. ఈ ఎనిమిది రోజులూ ఆమెను నిలబెట్టింది ఆ రాకే. ఆయన కుర్చీ పొద్దున్నే తుడిచి, తలుపు వైపు తిప్పి పెట్టింది. బుట్ట కింద పెట్టి, పక్కనున్న బియ్యం బస్తా మీద కూలబడింది. ఒళ్లంతా నొప్పులు, మనసంతా ఆ ఆదివారమే.

"ఏడేళ్లు చప్పిడే పెట్టా, మిస్ డోర్కస్. రాకపోతే రాకపోనీ. వస్తే మాత్రం, ఆయన ముందు ఇంకో చప్పిడి పళ్లెం పెట్టడం నా వల్ల కాదు."

డోర్కస్ పెట్టెలో చెయ్యి పెట్టి వెతికి, అన్నిట్లోకీ లావు ముక్క తీసి కాగితంలో చుట్టి, ఐసిల్డా ఒళ్లో పెట్టింది.

"ముల్లుంటుంది," అంది. "చూసుకుని తినమను."