మగ్గం గుంతలో పురుడు

ఎమ్మిగనూరులో మా అవ్వ ఇంటి వెనక కాలువలో నీటికోళ్ళు నాటుకోళ్ళతో కలిసే తిరుగుతుంటాయి. తాత పోయాక ఆయన మగ్గం తీసేశారు. తర్వాత మగ్గం ఉండిన కొట్టం కప్పు కూడా కూలింది. మగ్గం కింది గుంతలో వాననీళ్ళు నిలిచి, గడ్డి మొలిచింది. నేను హైదరాబాదు నుంచి వచ్చేసరికి ఆ గడ్డిలో ఒక నీటికోడి గుడ్లమీద కూర్చుని ఉంది.

మర్నాడే గుంత పూడ్చి బండలు పరచడానికి మేస్త్రి పార పట్టుకుని వచ్చాడు. నేను ఫోన్ తీసి అడ్డం నిలబడ్డాను.

"ఒక్క పార మట్టి వేసినా వీడియో పెడతాను. ఊరంతా చూస్తుంది."

"పెట్టుకో పాపా. నన్ను పిలిపించింది మీ అవ్వే" అని అతను పార ఎత్తాడు.

అవ్వ గడపలోంచే అంది. "ఆగప్పా. ఇంట్లో పురుడుండాది. పురుడుండే ఇంట్లో మన్ను కదిలించరాదు."

మేస్త్రి నన్ను ఎగాదిగా చూశాడు. "ఈ పాపకా? పెండ్లెప్పుడైంది, మాకు సెప్పనే లేదే?"

నాకు ఒళ్ళు మండింది. "నాకు కాదు, దానికి" అని గుంతలోకి వేలు చూపించాను.

అతను వంగి చూసి, పార గోడకు ఆనించాడు. "సరేలే అవ్వా. పురుడెళ్ళినాక వస్తా."

నల్లటి పిల్లలు తల్లి వెంట కాలువలోకి దిగిన పొద్దున నేనే అతనికి ఫోన్ చేశాను.

"పురుడెళ్ళిందన్నా, రా."

"ఆడా, మగా?"

"నేను అడగలేదు."

"వీడియో అన్నా తీసినావా?"

"తీశాను. మొదట నీకే పంపుతున్నాను."